ముక్కు మీద అక్రమ కట్టడం

గొడుగుపాలెం మున్సిపాలిటీలో నీళ్ళు వదిలే సూరప్పడిని చూడనివాళ్ళు లేరు గానీ, అతని పేరు సూరప్పడని తెలిసినవాళ్ళని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందరికీ అతను పులిపిరాయన. "పులిపిరాయన వచ్చాడా?" అంటే కొళాయి వచ్చిందా అని అర్థం. "ఇంకా రాలేదు" అంటే బిందెలు ఖాళీ అని అర్థం. ఆ పులిపిరి కూడా అల్లాటప్పా పులిపిరి కాదు. కుడి ముక్కుపుటం మీద కందిగింజంత లావున, మనిషి కన్నా ఒకడుగు ముందు తనే నడుస్తున్నట్టు ఠీవిగా కూర్చుని ఉండేది. గడ్డం గీసే మంగలి దాని దగ్గరకొచ్చేసరికి ఊపిరి బిగబట్టేవాడు. ఇక అతని పెళ్ళాం సన్యాసమ్మయితే పెళ్ళినాటి నుంచీ మొగుడి మొహంలో ముందు చూసేది దాన్నే. అది ఎర్రబడిందంటే ఆయనగారికి కోపమొచ్చిందన్నమాట, ఆ పూట కూర సంగతి ఎత్తకపోవడం మంచిది. మామూలుగా ఉందంటే చీర సంగతి కదపొచ్చు.

సూరప్పడు కాంట్రాక్టు మనిషి. కుర్రాడిగా ఉన్నప్పుడు తిప్పడం మొదలుపెట్టిన వాల్వులు తుప్పుపట్టి, వాటి చోట కొత్తవి వచ్చి, అవీ తుప్పుపట్టాయి. అతను మాత్రం ఆ కాంట్రాక్టులోనే ఉండిపోయాడు. ఏటేటా వేసవి వెళ్ళగానే, ఇక నువ్వు అక్కర్లేదంటారేమోనని గుండె గుబగుబలాడేది. పర్మినెంటైతే ఏం చేస్తావని ఎవరడిగినా అతని దగ్గర ఒకటే జవాబు. పర్మినెంటు ఉద్యోగికి ఆస్పత్రి కార్డిస్తారు, ఆ కార్డులో పెళ్ళాం పేరుంటుంది, దాంతో సన్యాసమ్మ మోకాలికి ఆపరేషనవుతుంది. అంతే, అంతకు మించి అతనికి ఆశ లేదు. ఆవిడ మోకాలు అరిగిపోయి గోడ పట్టుకుని నడుస్తోంది. ఊరందరికీ నీళ్ళు వదిలేవాడి పెళ్ళాం, బిందె ఎత్తుకోలేక పక్కింటివాళ్ళని బతిమాలుకుంటోంది. అది చూసినప్పుడల్లా సూరప్పడికి ప్రాణం ఉసూరుమనేది.

అలాంటివాడికి దేవుడు కరుణించాడు. నీటి విభాగంలో ఒక పోస్టు పర్మినెంటు చెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అందరికన్నా పాత కాంట్రాక్టు మనిషి సూరప్పడే. సన్యాసమ్మ మోకాలు పట్టుకునే అమ్మవారికి దండం పెట్టుకుంది.

అయితే దేవుడు కరుణించిన చోట ఆఫీసు ఊరుకుంటుందా? ఎక్కడో, ఏదో ఊళ్ళో, ఎవడో ఒకడి ఉద్యోగం ఇంకొకడు చేశాడట. ఎక్కడో తెలీదు, ఎవడో తెలీదు, నిజమో కాదో అంతకన్నా తెలీదు. అందుకని రాష్ట్రంలో పర్మినెంటు కాబోయే ప్రతి మనిషికీ పుట్టుమచ్చల తనిఖీ జరగాలని ఉత్తర్వు వెనకే ఇంకో ఉత్తర్వు వచ్చింది. పదో తరగతి సర్టిఫికెట్లో రాసిన పుట్టుమచ్చలు ఒంటి మీద ఉండాలి. సర్టిఫికెట్లో రాయనివి ఒంటి మీద ఉండరాదు. మచ్చలు సరిపోనివాణ్ణి వేరే మనిషిగా భావించవలెను.

మనలో పదో తరగతి చదివినవాళ్ళకి ఆ పుట్టుమచ్చల భాగోతం కొత్త కాదు. పరీక్షల ముందు మాస్టారు పిల్లల్ని వరసలో నిలబెట్టి, చేతులు తిప్పి, చొక్కా కాలర్లు లాగి, మచ్చలు వెతికి రాసుకోవాలి. సూరప్పడి బడిలో ఆ పని కామేశం మాస్టారిది. మిట్టమధ్యాహ్నం, ఫ్యాను లేని గది, బయటిదాకా సాగిన పిల్లల వరస. మొదటి పిల్లాడికి కుడి చెంప మీద ఒకటి, ఎడమ మోచేతి మీద ఒకటి దొరికాయి, రాసుకున్నారు. రెండోవాడి దగ్గరకొచ్చేసరికి మాస్టారికి చెమటలు కారి కళ్ళజోడు జారింది. వరస కేసి ఓసారి చూశారు, గడియారం కేసి ఓసారి చూశారు, రెండోవాడి పేరు పక్కన 'పైదే' అని రాశారు. మూడోవాడికీ పైదే. చివరివాడిదాకా పైదే. ఆ ఏడు గొడుగుపాలెం హైస్కూల్లో పదో తరగతి పాసైనవాళ్ళందరికీ ప్రభుత్వ రికార్డు ప్రకారం కుడి చెంప మీద, ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చలే. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు, ఎవరికీ నష్టమూ జరగలేదు.

ఇప్పుడీ తనిఖీ ఏ విభాగం చెయ్యాలనేది మున్సిపాలిటీలో పెద్ద ప్రశ్నయి కూర్చుంది. మచ్చ రోగం కాదు కాబట్టి మాది కాదని ఆరోగ్య విభాగం తప్పుకుంది. మచ్చకి పన్ను లేదు కాబట్టి మాదీ కాదని రెవెన్యూవాళ్ళన్నారు. చివరికి పట్టణ ప్రణాళికాధికారి దండు జగన్నాథరాజుగారు ముందుకొచ్చారు. ఇంటి ప్లానులు పాస్ చేసేది, అడ్డంగా కట్టిన అరుగులు పగలగొట్టేది ఆయనే. పురపాలక పరిధిలో నేలమట్టం నుంచి గానీ, గోడ నుంచి గానీ, మరే ఉపరితలం నుంచి గానీ బయటికి పొడుచుకొచ్చిన ప్రతిదీ తమ విభాగం కిందికే వస్తుందని ఆయన వాదన. కమిషనరుగారికి అందులో తప్పేమీ కనపడలేదు.

అలా ఒకనాడు సూరప్పడు ప్రణాళికా విభాగంలో బల్ల ముందు నిలబడ్డాడు. కొలతలు తీసే చైన్‌మేన్ టేపు తెచ్చాడు. టేపు యాభై అడుగులది, ముక్కు రెండంగుళాలది. మిగిలిన టేపు మెడకి చుట్టారు.

రాజుగారు సర్టిఫికెట్ చూశారు, మొహం చూశారు, మళ్ళీ సర్టిఫికెట్ చూశారు. పత్రంలో చూపిన రెండు కట్టడాలూ స్థలంలో లేవని, స్థలంలో ఉన్న కట్టడం పత్రంలో లేదని చెప్పి గుమస్తాతో రాయించారు. తర్వాత పులిపిరి మీదికి వంగారు.

"ఇది ఎప్పుడు లేచింది?"

"నాకు మీసం రాకముందే ఉందండి బాబూ."

"ఎవరి అనుమతితో?"

సూరప్పడు, అది దానంతటదే లేచిందని, తనని కూడా అడగలేదని చెప్పుకున్నాడు. ఊళ్ళో అక్రమంగా మేడ కట్టిన ప్రతివాడూ ఇలాంటి మాటే చెబుతాడని రాజుగారు నవ్వి ఊరుకున్నారు. ముక్కుపుటం అంచు నుంచి వదలవలసిన ఖాళీ స్థలం వదల్లేదని, గాలి రాకపోకలకి ఆటంకంగా ఉందని, పై పెదవి మీద నీడ పడుతోందని రాయించారు. క్రమబద్ధీకరించడానికి వీలుందా అని గుమస్తా నసిగాడు. ఆ పథకం గడువు నిరుడే అయిపోయిందట.

ఆ కట్టడాన్ని కూల్చెయ్యాలని నోటీసు తయారైంది. అక్రమ కట్టడానికి ఇచ్చే నోటీసు ఆ కట్టడానికే అతికించాలనేది నిబంధన. కాగితం చూస్తే అరఠావు, పులిపిరి చూస్తే కందిగింజ. కాసేపు తర్జనభర్జన పడి, కట్టడం ఉన్న ఆవరణలో స్పష్టంగా కనపడే చోట అతికించినా చెల్లుతుందని తేల్చి నుదుటికి అతికించారు. సూరప్పడు నుదుటి మీద నోటీసుతో బజారంతా నడిచి ఇంటికొచ్చాడు. సన్యాసమ్మ తలనొప్పికేసిన పట్టీ అనుకుని, పాపం, గోరువెచ్చని నీళ్ళు తెచ్చి మెల్లిగా ఊడదీసింది. తీరా ఊడదీశాక, నోటీసు తొలగించడం శిక్షార్హమైన నేరమని అందులోనే రాసి ఉంది. ఆవిడ గబగబా రెండు అన్నం మెతుకులు మెదిపి మళ్ళీ అతికించింది.

"తీయించేస్తాను. ముక్కు కన్నా మోకాలు ముఖ్యం గదా" అన్నాడు సూరప్పడు, తనతో తనే అన్నట్టు. సన్యాసమ్మ పులిపిరి కేసి చూసింది. అది ఎర్రగానూ లేదు, మామూలుగానూ లేదు.

సర్కారాస్పత్రి డాక్టరుగారు మంచాయన. పులిపిరి వల్ల ఏ హానీ లేదని, దాని మానాన దాన్ని వదిలెయ్యమని, తీసినా ఒక్కోసారి మళ్ళీ వస్తుందని చెప్పాడు. సూరప్పడు కూల్చివేత నోటీసు చూపించాడు. డాక్టరుగారు అది రెండుసార్లు చదివి, తను చదివిన చదువులో ఇది లేదని చెప్పి, సూది మందిచ్చి పని కానిచ్చేశాడు. చైన్‌మేన్ గుమ్మం దగ్గర నిలబడి, కూల్చివేత ప్రశాంత వాతావరణంలో జరిగిందని ఫోనులో చెప్పాడు. దూదిలో పెట్టి ఆ ముక్కని డాక్టరుగారు సూరప్పడి చేతికివ్వబోతే చైన్‌మేన్ ఒప్పుకోలేదు. కూల్చిన కట్టడం తాలూకు ఇటుకా, కలపా, ఇనుమూ ఎలాగైతే మున్సిపాలిటీకి చెందుతాయో, ఇదీ అలాగే చెందుతుందట. దాన్ని స్పిరిట్ సీసాలో వేయించి, మూత బిగించి, సీలేసి, ఆఫీసు బీరువాలో పెట్టారు.

ఆ పూట అన్నం వడ్డిస్తూ సన్యాసమ్మ మొగుడి మొహం కేసి చూడబోయి, ఎక్కడ చూడాలో తెలీక కంచం కేసి చూసింది. ఎవరో చుట్టం వచ్చినట్టుందని పైకే అనేసింది. ఇంకొంచెం పులుసు వేసుకోండి అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అతన్ని మీరు అనడం అదే మొదలు. సూరప్పడు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

ఇక కట్టవలసిన రెండు మచ్చలూ మిగిలాయి. సోమవారం సంతలో బంగారమ్మ అని ఒకావిడ పచ్చబొట్లు పొడుస్తుంది. సూరప్పడు వెళ్ళి పీట మీద కూర్చోగానే ఆవిడ తలెత్తకుండానే, కామేశం మాస్టారి దగ్గర చదువుకున్నావా అనడిగి, అతని కుడి చెంప పట్టుకుంది. ఆ నెలలో ఆవిడకి అదే పని. ఆ ఏడు పాసైన కరెంటాఫీసు మనిషి, బడి బంట్రోతు, చౌక డిపో ఆయన, అంతా వచ్చి వెళ్ళారు. సంతలో కూరగాయలు కొంటున్నవాళ్ళలో సగంమందికి ఒకే చెంప మీద, ఒకే చోట, ఒకే సైజు మచ్చ. అన్నదమ్ములేమో అనుకునేలా ఉన్నారు. రాజుగారు ఒకసారి అటు వచ్చి ఆ దృశ్యం చూసి, ఊరికి ఇన్నాళ్ళకి ఒక క్రమపద్ధతి వచ్చిందని ఎంతో సంతోషించారు.

రెండోసారి తనిఖీలో రెండు మచ్చలూ సర్టిఫికెట్‌తో అతికినట్టు సరిపోయాయి. ముక్కు ఖాళీ. ఇంక ఉత్తర్వు చేతికివ్వడమే తరువాయి అనుకున్నాడు సూరప్పడు. అక్కడే ఉంది అసలు మెలిక. ఉత్తర్వుకి ముందు స్థల విచారణ జరగాలి. అంటే, ఇన్నేళ్ళుగా నీళ్ళు వదిలింది ఇతనేనని వార్డు జనం చెప్పాలి. ఆ మాట విని సూరప్పడు ధైర్యంగా నవ్వాడు. వార్డులో తనని ఎరగనివాళ్ళెవరు?

రాజుగారు, గుమస్తా, సూరప్పడు కలిసి చిట్టెమ్మగారి గుమ్మం ముందు ఆగారు. చిట్టెమ్మగారంటే కొళాయి పది నిముషాలు ఆలస్యమైతే వీధి చివరికి వినపడేలా తిట్టే పెద్దావిడ. సూరప్పణ్ణి ఆవిడ తిట్టినంతగా కన్నతల్లి కూడా తిట్టి ఉండదు. ఆవిడ అతన్ని కిందికీ పైకీ చూసింది, కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చూసింది.

"పోలికలైతే ఉన్నాయి నాయనా. కానీ ఆయన కాదు. ఆయనైతే ఆ పులిపిరి చూడగానే నాకు నోరు దానంతటదే లేస్తుంది. ఈయన్ని చూస్తే తిట్టబుద్ధి కావట్లేదు."

సూరప్పడు, నేనేనమ్మా అని లబోదిబోమన్నాడు. తిట్టండమ్మా, ఒక్కసారి తిట్టి చూడండమ్మా అని బతిమాలాడు. ఆవిడ మనస్ఫూర్తిగా ప్రయత్నించింది గానీ మర్యాదగా తప్ప మాట రాలేదు. మిగిలిన ఇళ్ళలోనూ అదే తంతు. నీళ్ళు వదిలింది పులిపిరాయన, ఈయనెవరో బాబూ మాకు తెలీదు అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అదే పెద్ద చిక్కు.

కమిషనరుగారి గదిలో సమావేశం పెట్టారు. నెలాఖరు లోపల పోస్టు భర్తీ చెయ్యకపోతే అది వెనక్కి పోతుంది. పోస్టు వెనక్కి పోతే ఎందుకు పోయిందని పైవాళ్ళు అడుగుతారు. ఆ మాటకి కమిషనరుగారి నుదురు చెమర్చింది. రాజుగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"అయ్యా, సమస్యను భావోద్వేగాలకు అతీతంగా పరిశీలించవలసి ఉన్నది. సేవ చేసినది పులిపిరి అని ప్రజలు ఏకగ్రీవంగా ధ్రువీకరించినారు. సదరు పులిపిరి ప్రస్తుతం మన అధీనంలోనే, మన బీరువాలోనే, పూర్తి భద్రతతో ఉన్నది. అది ఆఫీసు విడిచి వెళ్ళదు, సెలవు కోరదు, సమ్మె చెయ్యదు. ఇంతటి క్రమశిక్షణ గల సిబ్బంది మన వద్ద మరొకరు లేరని మనవి."

కమిషనరుగారు కిటికీలోంచి బయటికి చూశారు. బయట ఆయన సిబ్బంది టీ బడ్డీ దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన సంతకం పెట్టేశారు.

సూరప్పడికి ఆ సంగతి రాజుగారే పిలిచి చెప్పారు. దాపరికం లేకుండా, నిబంధనల సహా చెప్పారు. విన్నదంతా విని సూరప్పడు బల్ల అంచు పట్టుకున్నాడు. తను అడగగలిగిందల్లా ఒకటే ప్రశ్న.

"మరి నానెవుర్ని బాబూ?"

"మీరు సూరప్పడే" అన్నారు రాజుగారు ఎంతో దయగా. "రెండు పుట్టుమచ్చలూ సరిపోయినవి కనుక, పదో తరగతి పాసైన సూరప్పడు మీరేననడంలో ఈ కార్యాలయానికి ఎట్టి సందేహమూ లేదు. పదో తరగతి తర్వాత మీరు ఏం చేసినారన్నదానికే మా వద్ద ఆధారం లేదు."

అలా పులిపిరికి పర్మినెంటయింది. నీటి విభాగంలో దానికో కుర్చీ వేశారు. పర్మినెంటు ఉద్యోగి కుర్చీ కాబట్టి వెనక తువ్వాలు కూడా వేశారు. సీసా కిందికి జారిపోకుండా సీటు మీద దిండు పెట్టారు. చేరిన రోజున దండేసి, లడ్డూలు పంచారు. లడ్డూ ఒకటి సూరప్పడికీ వచ్చింది. అయితే పులిపిరి వాల్వు తిప్పలేదు కదా. దానికి సహాయకుడు కావాలన్నారు. పనెరిగినవాడు, ఉద్యోగికి దగ్గరివాడు, తక్కువకి ఒప్పుకునేవాడు అయితే మంచిదన్నారు. అటువంటివాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. సూరప్పడు మళ్ళీ కాంట్రాక్టులో చేరాడు. పొద్దున్నే వచ్చి సీసా తుడిచి, నమస్కారం పెట్టి, పైవారి తరఫున వెళ్ళి నీళ్ళు వదిలి వచ్చేవాడు. ఆగస్టు పదిహేనున, ఒక్కనాడూ కుర్చీ దిగనందుకు సీసాకి ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం ఇచ్చారు. అందుకుంటున్నప్పుడు సీసాని ఎత్తి పట్టుకున్నది సూరప్పడే. జనం చప్పట్లు కొట్టారు. చిట్టెమ్మగారు సీసాని చూడగానే, ఇంతకాలం ఎక్కడ చచ్చావురా అని నోరారా తిట్టింది. పక్కనున్నవాడు సీసాని ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నాడు.

సిగ్గూ కోపమూ దిగమింగుకోవచ్చు. సన్యాసమ్మ మోకాలి సంగతేం చెయ్యాలి? ఇప్పుడామె గోడ పట్టుకుని కూడా నడవలేకపోతోంది. ఆస్పత్రి కార్డు వచ్చింది, నిజమే. ఉద్యోగి: పులిపిరి, నీటి విభాగం. ఫొటో దగ్గర సీసా బొమ్మ. కుటుంబ సభ్యులు: లేరు. కాంట్రాక్టు సహాయకుడికి కార్డు ఉండదు. సూరప్పడు ఆ కార్డు ఇంటికి తెచ్చి చూపించి, తన వల్ల ఏమీ కాలేదని చాప మీద బోర్లా పడుకున్నాడు. ముక్కు తీసేసుకున్నా మోకాలు రాలేదని ఏడ్చాడు కూడా.

సన్యాసమ్మ ఏడవలేదు. ట్రంకుపెట్టె తీయించి, అడుగున ఉన్న పెళ్ళిఫొటో తీసుకుని, రిక్షా పిలిపించుకుంది. ఆఫీసు మెట్లు ఒక్కొక్కటీ కూర్చుంటూ ఎక్కింది. రాజుగారి బల్ల మీద ఫొటో పెట్టింది. అందులో పెళ్ళికొడుకు మొహానికి బాసికం అడ్డొచ్చి కళ్ళు కనపడట్లేదు, దండ అడ్డొచ్చి గడ్డం కనపడట్లేదు. కనపడేదల్లా ముక్కు, దాని మీద నిగనిగలాడుతూ పులిపిరి.

"నా మెళ్ళో పుస్తె కట్టినప్పుడు ఇదుంది బాబూ. ఏడడుగులు నడిసినప్పుడూ ఇదే ముందు నడిసింది. ఇది మీ ఉద్యోగి అయితే నాను దీని పెళ్ళాన్ని. నా పేరు కార్డులో ఎందుకు లేదో సెప్పండి" అంది.

ఆఫీసులో టైపు మిషన్లు ఆగిపోయాయి. రాజుగారు భూతద్దం తెప్పించి ఫొటో పరిశీలించారు. వివాహ సమయమున సదరు ఉద్యోగి స్వయంగా హాజరైనట్లు ఛాయాచిత్రము వలన రుజువగుచున్నదని, భర్తగా భావించడానికి మరొక ముఖమేదీ అందులో గుర్తింపదగినట్లు లేదని రాశారు. అబద్ధమాడకూడదు, ఆయన దగ్గర పక్షపాతం లేదు. మోకాలు నొప్పిని అర్థం చేసుకోలేరు గానీ సాక్ష్యాన్ని అర్థం చేసుకోగలరు. సాయంత్రానికల్లా కార్డు మారింది. భర్త: పులిపిరి. భార్య: సన్యాసమ్మ.

ఆ కార్డు చూసిన రోజు సూరప్పడి మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. ఏం చేశావే, నన్నొదిలేసి దాన్ని కట్టుకున్నావా అన్నాడు. సీసా మీద అసూయ పడ్డాడు, నిజంగానే పడ్డాడు. ఆ రోజు దాన్ని తుడవలేదు కూడా. సన్యాసమ్మ మాత్రం, మోకాలు నొప్పి నాకు గానీ కార్డుకి కాదు గదా, నడిసి సూపిస్తాను ఉండండి అని సర్దిచెప్పింది. ఇప్పటికీ మీరనే అంటోంది.

పట్నంలో పెద్దాస్పత్రిలో ఆపరేషనుకి తేదీ ఇచ్చారు. రోగి దగ్గర భర్త ఉండాలి అన్నారు. భర్తంటే కార్డులో ఉన్న భర్త. ఆఫీసు నుంచి పులిపిరికి సెలవు మంజూరైంది. దాన్ని బస్సులో ఒడిలో పెట్టుకుని, ఒలికిపోకుండా, కుదుపులకి రెండు చేతులూ అడ్డం పెట్టి, పట్నందాకా తీసుకెళ్ళింది సూరప్పడే. ఆస్పత్రి తలుపు దగ్గర నర్సు సీసాని ట్రేలో అందుకుని లోపలికి తీసుకెళ్ళింది. తలుపు మూసేశారు.

ఆపరేషన్ బాగా అయిందని కబురొచ్చింది. సూరప్పడికి ఆనందంతో కాలు నిలవలేదు. లోపలికి వెళ్ళబోతే తలుపు దగ్గర కాపలా ఆయన చెయ్యడ్డం పెట్టాడు. రోగి సన్యాసమ్మకి తను ఏమవుతాడో చెప్పమన్నాడు. సూరప్పడు, నేను భర్తనన్నాడు. భర్తగారు లోపలే మంచం పక్కన బల్ల మీద ఉన్నారని, ఒకరికి ఇద్దరు భర్తలు ఉండటానికి ఆస్పత్రి రూల్స్ ఒప్పుకోవని కాపలా ఆయన ఓపిగ్గానే చెప్పాడు. పోనీ రక్తసంబంధీకుడైతే వదులుతానన్నాడు. సూరప్పడు అక్కడే గోడకి జారబడి, బల్ల మీద కూర్చున్నాడు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి లోపల మంచం కొస, ఆ కొసన కట్టు కట్టిన కాలు కనిపిస్తున్నాయి. ఆ కాలు కోసం తను చెయ్యనిది లేదు. ఆ కాలి దగ్గర కూర్చోడానికి మాత్రం తనకి వీల్లేదు. చెయ్యి తెలీకుండానే ముక్కు మీదికి పోయింది.

అక్కడేదో తగిలింది.

కొన్నాళ్ళుగా ముక్కు మీద దురద పెడుతూనే ఉంది. మళ్ళీ నోటీసిస్తారేమోనని భయపడి, ఎవరికీ చెప్పకుండా, అద్దం కూడా చూసుకోకుండా తిరుగుతున్నాడు. డాక్టరుగారు మళ్ళీ వస్తుందన్న మాట అబద్ధం కాలేదు. పాత చోటే, కుడి ముక్కుపుటం మీద, ఆవగింజంత లేచి ఉంది. వేలితో మెల్లిగా తడుముకున్నాడు. మెత్తగా, లేతగా ఉంది. ఇన్ని నెలల్లో మొదటిసారి అతనికి నవ్వొచ్చింది.

లేచి, చొక్కా సర్దుకుని, కాపలా ఆయన ముందుకెళ్ళి ముక్కు చూపించాడు.

"లోపలున్నాయన కొడుకొచ్చాడని సెప్పండి బాబూ."

కాపలా ఆయన అతని ముక్కు చూశాడు. చేతిలో ఉన్న కార్డు మీద ఫొటో చూశాడు. మళ్ళీ ముక్కు దగ్గరకొచ్చి పరీక్షగా చూశాడు. పోలిక కనపడుతూనే ఉంది. అచ్చం నాన్న పోలికే అని, తలుపు తీసి, లోపల గట్టిగా మాట్లాడకూడదని చెప్పి వదిలాడు.

సన్యాసమ్మ మత్తు పూర్తిగా దిగక కళ్ళు సగం తెరిచి పడుకుంది. పక్కన బల్ల మీద ఆవిడ పర్మినెంటు భర్త స్పిరిట్లో నిశ్శబ్దంగా కూర్చుని ఉన్నాడు. సూరప్పడు వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు. ఆవిడ అలవాటు కొద్దీ ముందు అతని ముక్కు కేసే చూసింది. చూసి, చాలాసేపు అలాగే చూసి, చెయ్యి చాపింది.

"వొచ్చేవా" అంది. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయేవు?"